అటకెక్కిన కొలతలు

మా బావ చొక్కాలు కుట్టడు. బట్ట కూడా కొయ్యడు. కాగితం కోస్తాడు. ఎవరైనా పొరపాటున "టైలరు గారూ" అని పిలిస్తే, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి చూసి, "కుట్టేది మా చెల్లెలండీ. నేను మనిషిని కాగితం మీదికి దించుతాను, అంతే" అంటాడు. ఆ "అంతే"లో ఎంత గర్వం దాగుంటుందో బావమరిదిని కాబట్టి నాకు తెలుసు. గర్వం లెక్కల్లో మా వంశంలో నన్ను మించినవాడు లేడు గనక ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు. రెడీమేడ్ దుకాణంలో చిన్నది, మధ్యరకం, పెద్దది, మరీ పెద్దది అని నాలుగు సైజులుంటాయి. ఆ నాలుగింటిలోనూ ఇమడని ఒళ్ళు కొన్ని ఉంటాయి. కుడిచెయ్యి ఎడమచేతికన్నా నాలుగంగుళాలు పొట్టిగా ఉన్న బస్సు కండక్టరు. వెన్ను ఒక పక్కకి వంగి, ఎడమ భుజం కిందికి దిగిన పోస్టాఫీసు ఆవిడ. ఒకాయన మెడ ఎంత లావంటే, బావ టేపు చాలక రెండో టేపు అతికించి కొలిచాడు. రెండో టేపు సంగతి నేను కలిపాను. మెడ మాత్రం నిజం.

తాళాల కొట్టు పైన ఇరుకు మెట్లెక్కితే ఆయన గది. గదిలో సగం బల్లే. బల్ల మీద ఖాకీ కాగితపు చుట్ట, సుద్దముక్కలు, గుండుసూదుల డబ్బా, ఒక మూల కంప్యూటరు. వచ్చిన మనిషిని కొలిచి, ఖాకీ కాగితం మీద భుజం, వీపు, చేతులు, కాలరు విడివిడిగా గీసి, కత్తిరించి, ఆ ముక్కల్ని మనిషి ఒంటి మీదే గుండుసూదులతో అమర్చి చూస్తాడు. సరిపోయేదాకా మళ్ళీ మళ్ళీ కోస్తాడు. సరిపోయాక వాటిని కంప్యూటర్లో గీతలుగా ఎక్కిస్తాడు. ఆ గీతలు ఇంకో ఊళ్ళో ఉన్న ఆయన చెల్లెలికి చేరితే, ఆమె పెద్ద ప్రింటరు మీద అచ్చు తీసుకుని, బట్ట కోసి, తన దగ్గర పనిచేసే నలుగురు ఆడవాళ్ళతో కుట్టించి పంపుతుంది.

గీతలు ఎక్కించాక కాగితం ముక్కల్ని పారెయ్యొచ్చు కదా. పారెయ్యడు. చుట్టగా చుట్టి, పైన దారం కట్టి, ఆ మనిషి చేతికే ఇస్తాడు. "ఇది మీ ఒళ్ళండీ. మీ ఇంట్లోనే ఉండాలి."

"బావా, ఊళ్ళో చెత్త చాల్లేదనా, నువ్వు కూడా ఇంటింటికీ పంచుతున్నావు?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"రేపు నేను లేకపోతే వాళ్ళకి ఇంకెవరైనా కుట్టాలి కదరా."

"గీతలు కంప్యూటర్లో ఉంటాయిగా!"

"కంప్యూటరు నాది. ఒళ్ళు వాళ్ళది."

ఇలాంటి మాట రాగానే నేను టీ తాగడానికి కిందికి దిగేవాణ్ణి.

ఆ కంప్యూటరు కథ చెప్పాలంటే నా కథ కూడా కొంత చెప్పాలి. నేను ఇంజినీరింగు మూడో సంవత్సరంలో కాలేజీ వదిలేశాను. ఇక నాకు నేర్పడానికి ఏమీ మిగల్లేదని వాళ్ళు, నేర్చుకోడానికి ఏమీ మిగల్లేదని నేను ఒకేసారి గ్రహించాం. ఆ తర్వాత కొన్నేళ్ళకి బావ కంప్యూటరుకి కాలం చెల్లిందని దాన్ని చేసినవాళ్ళే తేల్చేశారు. ఇక దీనికి కొత్తవేమీ రావు, వేరేది కొనుక్కోండి అన్నారు. నేను దాని ఒళ్ళంతా కడిగి, డబ్బు కట్టక్కర్లేని లైనక్స్ అనే సిస్టమ్ ఎక్కించాను. తెర మీద పెంగ్విన్ బొమ్మ చూసి బావ దానికి "పక్షి" అని పేరు పెట్టాడు. గీతలు గీసే ప్రోగ్రాము దాని మీద ఉచితంగా దొరికింది. పన్నెండేళ్ళయింది. ఈలోగా కింద తాళాల కొట్టు మూడు చేతులు మారింది, పక్షి ఒక్కసారి కూడా మూలగలేదు. ఒకసారి దాని మీద వేడి టీ ఒలికితే, టీ చల్లారింది గానీ అది ఆగలేదు.

ఆగింది వేరే చోట. గీతల్ని మెయిల్లో పంపడం విసుగెత్తి బావ చెల్లెలు ఒక క్లౌడ్ సర్వీసులో చేరింది. నాకు వదిన వరస, నాకన్నా పెద్దది. "ఇద్దరికీ కలిపి ఒకటే ఫోల్డరు అన్నయ్యా. నువ్వక్కడ పెడితే ఇక్కడ నా కంప్యూటర్లో దానంతటదే ప్రత్యక్షమవుతుంది" అంది. బావకి ఆ మాట నచ్చింది. క్లౌడ్ అన్న మాట నోరు తిరగక "అటక" అన్నాడు. అప్పట్నించీ మా ఇంట్లో అది అటకే.

వాళ్ళ పేజీ తెరిచి చూస్తే రెండు బటన్లున్నాయి. రెండు రకాల కంప్యూటర్లకి, ఫైళ్ళని దానంతటదే ఎక్కించి దించే డెస్క్‌టాప్ ప్రోగ్రాము ఉంది. మాది ఆ రెంటిలోనూ లేదు. కింద చిన్న అక్షరాల్లో, మిగిలినవాళ్ళు బ్రౌజర్లో వాడుకోవచ్చని ఉంది.

"అంటే అటక ఉంది, నిచ్చెన లేదన్నమాట" అన్నాడు బావ.

"నిచ్చెన ఉంది బావా. పక్కింటివాళ్ళకి."

సరే, బ్రౌజర్లోనే ఒక్కొక్క ఫైలూ చేత్తో ఎక్కించేవాడు. మార్చిన ప్రతిసారీ మళ్ళీ ఎక్కించాలి. ఒక రోజు కుడి ఎడమలు తారుమారైన కండక్టరు చేతుల గీతలు సరిదిద్ది, ఎక్కించడం మర్చిపోయాడు. వదిన పాత గీతలతోనే కుట్టించింది. చొక్కా వచ్చింది, పొట్టి చెయ్యి ఎడమవైపు ఉంది. కండక్టరు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "మాస్టారూ, చొక్కా బాగుంది, చేతులే మార్చుకోవాలి" అన్నాడు. అందరం నవ్వాం. బావ నవ్వలేదు. చొక్కా విప్పించి, ఆయన వెళ్ళిపోయేదాకా దాన్ని మడతలు పెడుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే అటకవాళ్ళ కోరికల పేజీ ఆయనకి చదివి వినిపించాను. వాడేవాళ్ళు ఫలానాది కావాలని రాసుకునే చోటు. లైనక్స్‌కి డెస్క్‌టాప్ ప్రోగ్రాము ఇవ్వండని తొమ్మిదేళ్ళ కిందట ఎవరో అడిగారు. దాని కింద చాంతాడంత వరస. బతిమాలినవాళ్ళు, తిట్టినవాళ్ళు, డబ్బిస్తాం మొర్రో అన్నవాళ్ళు, ప్రతి ఏడాదీ ఒకసారి వచ్చి "ఇంకా ఉన్నాను" అని మాత్రం రాసి వెళ్ళేవాడు ఒకడు. కంపెనీ జవాబు ఒక్కటే, అదీ నాలుగేళ్ళ కిందటిది. మీ మీద మాకు గౌరవం ఉంది, కానీ మీవాళ్ళు చాలా తక్కువమంది.

బావ సుద్దముక్క కింద పెట్టాడు. "ఇంకోసారి చదువు."

చదివాను.

"ఈ మెట్లెక్కి వచ్చే ప్రతివాళ్ళూ ఆ మాట ఎక్కడో ఒకచోట విని వచ్చినవాళ్ళేరా" అన్నాడు.

ఆ మాటకి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "వెయ్యిమంది ఇంజినీర్లు చెయ్యలేనిది నేను చేస్తాను చూడు" అని తొడగొట్టి, పదకొండు లైన్ల ప్రోగ్రాము రాశాను. గంటకోసారి అది బావ గీతల కోసం పక్షిలో విడిగా పెట్టిన డిస్కు వైపు చూస్తుంది. అక్కడ ఏముంటే అటక మీదా అదే ఉండేలా చేస్తుంది. కొత్తది పెడితే పెడుతుంది, తీసేస్తే తీసేస్తుంది. అచ్చం అద్దం. రెండేళ్ళు అది వెన్నలా పనిచేసింది. ఆ రెండేళ్ళలో ఆ పదకొండు లైన్ల గురించి నేను చెప్పని మనిషి ఈ వీధిలో లేడు. కంపెనీవాళ్ళు నన్ను కొనుక్కోడానికి విమానంలో వచ్చారనీ, నేనే కిందికి దిగి తలుపు తియ్యలేదనీ తాళాల కొట్టాయన ఇప్పటికీ నమ్ముతాడు.

తర్వాత బావ కంట్లో శుక్లానికి ఆపరేషన్ జరిగింది. మూడు వారాలు తెర వైపు చూడొద్దన్నారు. పని లేదు గనక వదిన కూడా తన మిషన్లని కొత్త గదిలోకి మార్చుకునే పనిలో పడి కంప్యూటరు కట్టేసి ఉంచింది. మేడ మీద పక్షి ఒక్కటే మేలుకుని ఉంది. ఆపరేషనైన రెండో రోజో మూడో రోజో గీతలుండే డిస్కు చడీచప్పుడు లేకుండా చచ్చిపోయింది. మిగతా కంప్యూటరు నిక్షేపంగా ఉంది. ఫోల్డరు అనే తలుపు అలాగే ఉంది, తలుపు వెనక గది లేదు. గంట కాగానే నా ప్రోగ్రాము ఆ తలుపు తీసి చూసింది. లోపల ఏమీ కనపడలేదు. ఓహో, బావ అన్నీ తీసేశాడు కాబోలనుకుని, అటక మీదున్నవన్నీ బుద్ధిగా ఊడ్చేసింది. ఇరవై ఏళ్ళ పని, రెండు వందల పన్నెండు మంది. పారేసినవాటిని అటకవాళ్ళు పదిహేను రోజులు దాచి ఉంచుతారు. ఆ పదిహేను రోజులూ గడిచిపోయాయి.

ఇరవై రెండో రోజు వదిన ఫోను చేసింది. బావ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చునున్నాడు. ఫోను నాకిచ్చాడు.

"అబ్బాయ్, కంప్యూటరు ఇప్పుడే పెట్టాను. ఫోల్డర్లో అన్నీ కనపడ్డాయి. కానీ ఒక్కొక్కటీ మాయమైపోతున్నాయేంటి?"

ఆమె కళ్ళముందే జరుగుతోంది కదా, నాకు అర్థమై ఉండాల్సింది. ఆమె కంప్యూటరు మూడు వారాల తర్వాత నిద్రలేచి, అటక ఖాళీగా ఉండటం చూసి, తనూ ఖాళీ అయిపోతోంది. ఇంటర్నెట్ తీగ పీకెయ్యి వదినా అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అనడానికి తెలియాలి. తెలియనప్పుడు తెలియదనడం నాకు రాదు.

"అప్‌డేట్ అవుతున్నాయి వదినా. నా ప్రోగ్రామే అది. నువ్వేం ముట్టుకోకు" అన్నాను.

వదిన నా మాట ఎప్పుడూ సగమే నమ్ముతుంది. కాసేపు ముట్టుకోకుండా చూసి, ఆ తర్వాత తీగ పీకేసింది. ఆ సగం అపనమ్మకానికి నలభై ఒకటి మిగిలాయి. నూట డెబ్భై ఒకటి పోయాయి. డిస్కు బాగుచేసేవాళ్ళు ఇద్దరు దాన్ని విప్పి చూసి, నా మొహం చూసి, తల అడ్డంగా ఊపారు.

బావ నన్ను ఒక్క మాటే అడిగాడు. "ఏమైందిరా?"

"అటకవాళ్ళు తీసేశారు బావా" అన్నాను. "మనలాంటివాళ్ళంటే వాళ్ళకి లెక్కేముంది? అక్కడెవరో ఒక బటన్ నొక్కుంటాడు." ఇంకా చాలా చెప్పాను. సముద్రం అడుగున తీగలు తెగడం కూడా అందులో వచ్చింది. బావ అంతా విని తలాడించాడు.

రెండు రోజులు ఆయన బల్ల ముందు ఊరికే కూర్చున్నాడు. మా అక్క అన్నం డబ్బా పట్టుకెళ్ళి, మళ్ళీ అలాగే తీసుకొచ్చింది. "ఆయన కత్తెర ముట్టుకోవట్లేదురా. సూదిలో దారం ఎక్కించలేక అలా చూస్తూ కూర్చున్నట్టు కూర్చున్నాడు" అంది. మూడో రోజు నన్ను పిలిచాడు.

"ఆ కోరికల పేజీలో మనం కూడా ఒకటి రాద్దాం. నేను చెబుతాను, నువ్వు కొట్టు."

కూర్చున్నాను. బావ గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, మేము మీ అటక వాడుకునేవాళ్ళం. మాది పక్షి కంప్యూటరు."

"అటక, పక్షి అంటే వాళ్ళకేం అర్థమవుతుంది బావా?"

"అర్థం కాకపోతే అడుగుతారు. కొట్టు. నేను కాగితం మీద చొక్కాలు కోసేవాణ్ణి. నా గీతలు నూట డెబ్భై ఒకటి మీ దగ్గర పోయాయి. అవి మీరే పొరపాటున తీసేశారని మా బావమరిది చెబుతున్నాడు. అతను చదువుకున్నవాడు. అతని మాట నిజమే అయ్యుంటుంది."

చదువుకున్నవాడు అన్న దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. మూడో సంవత్సరంలో పుస్తకాలు అమ్మేసి ఇంటికొచ్చి, మా అక్క ముందు నిలబడ్డ రోజు కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు.

"కొట్టావా?"

"బావా..." అన్నాను. "వాళ్ళు కాదు. నా ప్రోగ్రామే చేసింది. వదిన ఫోను చేసినప్పుడైనా తీగ పీకమని ఉంటే సగానికి సగం మిగిలేవి. ముట్టుకోకు అన్నది నేనే."

బావ టేపుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. చుట్టడం అయ్యాక విప్పాడు.

"తెలుసురా. చెల్లి ఆ రోజే చెప్పింది. అద్దం లాంటిదని నువ్వే చెప్పావుగా రెండేళ్ళ కిందట. ఖాళీ గది ముందు అద్దం పెడితే అందులో ఖాళీ కాక ఇంకేం కనపడుతుంది?"

"తెలిసి ఈ ఉత్తరం ఎందుకు కొట్టిస్తున్నావ్?"

"ముప్ఫై ఏళ్ళనుంచి మనుషుల్ని కొలుస్తున్నాను. నీ మాట పొడవెంతో ఒక్కటే తేల్లేదు. ఎక్కడ తెగుతుందో చూద్దామని." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెగింది. మంచిదే. మీరే తీసేశారన్న ఆ లైన్లు చెరిపేసి ఇలా రాయి. తప్పు మాదే. మీరు నిచ్చెన ఇవ్వలేదు గనక మా బావమరిది ఒకటి కట్టాడు. వాడికి చేతనైనట్టు కట్టాడు. విరిగింది. మేము తక్కువమందిమని రాశారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళూ తక్కువమందే. కానీ ఒక్కొక్కరికీ ఒక ఒళ్ళు పూర్తిగా ఉంటుంది. మాకు ఒక చొక్కా కుట్టండి. కొలతలు ఎన్నిసార్లు కావాలన్నా ఇస్తాం."

కొట్టాను. పంపాను. పంపేముందు కింద మా ఇద్దరి పేర్లూ సంతకంగా పెట్టమన్నాడు. నేను తప్పు ఒప్పుకుని సంతకం పెట్టిన కాగితం ప్రపంచంలో అదొక్కటే.

ఆ తర్వాత బావ ఫోను తీసి కండక్టరుకి చేశాడు. "నేనిచ్చిన కాగితం చుట్ట ఇంట్లో ఉందాండీ?"

ఉంది. మర్నాడు డ్యూటీకి వెళుతూ మెట్లెక్కి ఇచ్చి, "ఈసారి చేతులు ఎటుండాలో రాసి పెట్టాను మాస్టారూ" అన్నాడు. కాగితం మీద నిజంగానే "కుడి" అని పెన్నుతో రాసుంది. బావ దగ్గర చొక్కాలు కుట్టించుకున్నవాళ్ళు ఎవరు తన బస్సెక్కినా వాళ్ళకి ఆయన చెప్పాడు. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. చుట్టలు రావడం మొదలైంది. కొన్ని దారం కూడా విప్పకుండా వచ్చాయి. ఒకదాన్ని అలమార అరలో పరిచి ఉంటే లాక్కొచ్చారు, వీపు ముక్క నిండా దాని మీద సర్దిపెట్టిన డబ్బాల గుండ్రటి మరకలు. ఒకటి వానకి తడిసి అతుక్కుపోయింది, మా అక్క ఆవిరి ఇస్త్రీపెట్టె పెట్టి విడదీసింది. ఒకావిడ తన భర్త చుట్ట తెచ్చింది. ఆయన పోయి రెండేళ్ళయింది. "ఎక్కించక్కర్లేదండీ, మీ దగ్గరుంటే బాగుంటుందని" అంది. బావ దాన్నీ ఎక్కించాడు. అన్నీ రాలేదు. తొంభై ఆరు వచ్చాయి. మిగిలినవాళ్ళు ఊళ్ళు మారారో, పారేశారో.

నెలరోజుల పాటు ఆ ముక్కలన్నిటి అంచుల వెంట గీతలు గీసి ఎక్కించే పని నాది. చెత్త పంచుతున్నావని వెక్కిరించిన నేనే ఆ చెత్తని అంగుళం అంగుళం తడిమాను. ఈ విషయం తాళాల కొట్టాయనకి నేను చెప్పలేదు. మా అక్క చెప్పింది.

పోస్టాఫీసు ఆవిడ చివర్లో వచ్చింది. చుట్ట తెల్లటి గుడ్డలో కట్టి తెచ్చింది. బావ ఆపరేషనైన కన్నుతో దాన్ని చూసి, ఆవిణ్ణి చూసి, "ఒక్కసారి నిలబడండమ్మా" అన్నాడు. ఆరేళ్ళ కిందటి కాగితం ఆవిడ వీపు మీద పరిచి గుండుసూదులు గుచ్చాడు. ఎడమ భుజం దగ్గర కాగితం లేచి నిలబడింది. వెన్ను ఇంకొంచెం వంగింది. భుజం ఇంకో అంగుళం దిగింది. ఆవిడ వేసుకున్న చొక్కా లోపల, భుజం దగ్గర, ఒక పిన్నీసు పెట్టి ఉంది.

"ఇది ఎన్నాళ్ళనుంచి పెట్టుకుంటున్నారు?"

"మూడేళ్ళనుంచి. మీరు కుట్టించింది తప్పు ఉండదు కదండీ. నా ఒళ్ళే ఇంకా పాడైందేమో అనుకున్నాను."

బావ పాత కాగితం నుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీశాడు. మూడేళ్ళుగా ఆవిడకి అవే గీతలు, ఒక్క తేడా లేకుండా, పక్షి నుంచి అటక మీదికి, అటక మీదనుంచి వదిన దగ్గరికి నిక్షేపంగా వెళుతూనే ఉన్నాయి.

"ఒళ్ళు తప్పు కాదమ్మా" అన్నాడు. "నేను మళ్ళీ కొలవలేదు. అదీ తప్పు." కొత్త కాగితం పరిచాడు.

ఆ రోజునుంచి చుట్ట తెచ్చిన ప్రతి మనిషినీ మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు. ఇప్పటికే ఎక్కించినవాళ్ళకి ఫోన్లు చేసి రప్పించాడు. నేను గీసిన తొంభై చిల్లర బొమ్మల్లో సగం మార్చాల్సొచ్చింది. నేను మొత్తుకున్నాను. "రెండో నెల కూడా కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఇప్పుడు ఒక్కొక్కరివీ రెండు చుట్టలు. ఒకటి వాళ్ళింటికి, ఒకటి మా అక్క అలమారలోకి.

నా ప్రోగ్రాముకి పన్నెండో లైను చేర్చాను. అదేమిటని మా అక్క అడిగింది.

"లోపల ఏమీ కనపడకపోతే, ఏమీ చెయ్యకుండా ఆగిపొమ్మని, అక్కా."

"ఒరేయ్, ఆ లైను నీ నోటికి కూడా పెట్టించుకోరా" అంది. బావ ఆపరేషన్ తర్వాత మొదటిసారి పడీపడీ నవ్వాడు.

మా ఉత్తరానికి కంపెనీ జవాబు రాలేదు. కోరికల పేజీలో దాని కింద మూడు ఓట్లున్నాయి. ఒకటి నాది, ఒకటి వదినది.

"మూడోది ఎవరు?" అన్నాడు బావ. వారానికోసారి అడుగుతాడు.

"తెలీదు బావా. పేరుండదు. ఎక్కడివాడో."

బావ సుద్దముక్కతో కాగితం మీద భుజం గీస్తున్నాడు. ఆ గీత ఇంకో చివరకి చేరేదాకా ఆగి అన్నాడు. "ఎక్కడివాడైతేనేం. దుకాణంలో సైజు దొరకనివాడే అయ్యుంటాడు."